ఏ ఊళ్ళో ఎన్ని గీతలు

నా దగ్గర ఇప్పటికీ ఒక పాత డైరీ ఉంది. చేపల మందుల కంపెనీవాళ్ళు కొత్త సంవత్సరానికి పంచిపెట్టింది. అట్ట మీద నోరు తెరిచిన బొచ్చె చేప బొమ్మ ఉంటుంది. అందులోని తేదీలతో నాకెప్పుడూ పని పడలేదు. ప్రతి పేజీనీ నిలువుగా నాలుగు గడులు చేసి, మొదటి గడిలో ఊరి పేరు, మిగతా మూడు గడుల్లో ఆ ఊళ్ళో మూడు సెల్‌ఫోన్ కంపెనీలకు ఎన్నేసి గీతల సిగ్నల్ వస్తుందో రాసుకున్నాను. గీతలంటే ఫోను తెర మీద మూలన మెట్లలా నిలబడతాయే, అవి. ఐదు ఉంటే రాజ్యం, సున్నా ఉంటే వనవాసం.

అప్పట్లో నేను చేపల మందులు అమ్మేవాణ్ణి. మనుషుల మందులమ్మే ఉద్యోగానికి మూడుసార్లు ఇంటర్వ్యూకి వెళ్ళి, మూడుసార్లూ మాట తడబడి తిరిగొచ్చాక, నోరున్నా మాట్లాడని రోగులున్న శాఖ నాకు దక్కింది. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్ వెనక వీధిలో కాపురం. అక్కడ ఎవరైనా కళ్ళు తుడుచుకుంటూ కనిపిస్తే ఎందుకని ఎవరూ అడగరు. ఆ సౌకర్యం తర్వాత నాకు బాగా అక్కరకొచ్చింది.

సోమవారం ఏలూరు, మంగళవారం భీమడోలు, గుండుగొలను, తర్వాత రెండు రోజులు కొల్లేటి లంకల చుట్టూ చెరువు గట్లు. మెట్టలో చేపల వ్యాపారం అంతంతమాత్రమే అయినా, మా మేనేజరు దగ్గరున్న మ్యాపులో కామవరపుకోట కూడా ఉంది కాబట్టి నెలకోసారి అక్కడికీ. సాయంత్రమయ్యేసరికి ఎక్కడున్నా సరే ఆయనకు ఫోను చెయ్యాలి. చెయ్యకపోతే ఆ రోజు తిరగలేదని ఆయన నమ్మకం. సిగ్నల్ కోసం నేను గడ్డివాము ఎక్కాను, ఇంజను షెడ్డు కప్పు ఎక్కాను, ఒకసారి కదలకుండా నిలబడి ఉన్న ఎడ్లబండి ఎక్కితే నేను “హలో” అనగానే అది కదిలింది. ఆ బాధలోంచి పుట్టింది డైరీ.

మూడు కంపెనీల సిమ్ములూ కొని, ఉన్న ఒక్క హ్యాండ్‌సెట్టులో మార్చి మార్చి పెట్టి చూసేవాణ్ణి. ఊరి మధ్య నిలబడి బ్యాటరీ ఊడదీసి, గోరంత సిమ్ము తీసి, ఇంకొకటి దోపి, మళ్ళీ మూసి, ఫోను పైకెత్తి చుట్టూ తిరుగుతుంటే జనం మూగేవారు. కంపెనీల పేర్లు రాస్తే గడిలో పట్టవని అన్నదమ్ముల పేర్లు పెట్టుకున్నాను: పెద్దాడు, నడిపాడు, చిన్నాడు. పెద్దాడు అందరికన్నా ముందు వచ్చినవాడు, నెమ్మదస్తుడు. నడిపాడు ఏలూరు దాటితే కనపడడు. చిన్నాడు కొత్తగా వచ్చాడు, హుషారు మనిషి. వచ్చిన ఏడాదిలోనే హైవే పొడుగునా టవర్లు పాతేశాడు. గుండుగొలనులో చిన్నాడికి ఐదు. కామవరపుకోటలో చిన్నాడికి సున్నా.

కొన్నాళ్ళకి కొత్తగా ఫోను కొనేవాళ్ళు నన్ను అడిగి కొనడం మొదలుపెట్టారు. నన్ను సిగ్నల్ మాస్టారనేవారు. గుండుగొలను టీ కొట్టు దగ్గర ఒకాయన ఓ రోజు చాలా మర్యాదగా నా పక్కన కూచున్నాడు.

“ఏవండీ మాస్టారూ, మా అత్తారూళ్ళో ఏ సిమ్ము పలుకుద్దండీ?”

డైరీ తిరగేసి చెప్పాను. “అక్కడ చిన్నాడు అస్సలు పలకడండి. పెద్దాడైతే కాస్త…”

“ఆయ్, ఆ చిన్నాడిదే ఇప్పించండి.”

టీ కొట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. నా మాట మీద జనం సిమ్ములు కొంటున్నారన్న సంతోషం ముందు ఆ సిమ్ము ఎందుకు కొంటున్నారన్నది చిన్న విషయంగా తోచింది. మందులమ్మి ఎన్నడూ సంపాదించని గౌరవం గీతలు లెక్కపెట్టి సంపాదించాను. అది నాకు కొంచెం ఎక్కువైంది. ఎక్కువైన విషయం ఎక్కినవాడికి చివరన తెలుస్తుంది.

మా అక్క నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. అమ్మ ఆసుపత్రిలో ఆయాగా రాత్రి డ్యూటీలు చేసే రోజుల్లో నాకు అన్నం పెట్టిందీ, బడికి పంపిందీ, చర్చిలో నిద్రపోతే గిల్లి లేపిందీ అక్కే. బావగారు ఏలూరులో బియ్యం మిల్లు గుమాస్తా. ఇరవై ఏళ్ళు ఎవరివో బస్తాలు చూసిన మనిషి, ఒకరోజు చెప్పాపెట్టకుండా ఆ పని మానేసి, కొల్లేటి పక్క ఒక లంక ఊరి దగ్గర చేపల చెరువు కౌలుకి తీసుకున్నారు. గట్టు మీద తాటాకుల పాక, ఊళ్ళో రెండు గదుల ఇల్లు, ఒక కాపలా ముసలాయన. బొచ్చె, శీలావతి చేప పిల్లలు వదిలారు. ఆ పంట చేతికొస్తే ఆయన జీవితంలో తనదని చెప్పుకోగల మొదటి పని అదే అవుతుంది. చేతికి రాకపోతే మళ్ళీ ఎవరి బస్తాల దగ్గరికో వెళ్ళాలి. ఆ వయసులో తిరిగి వెళ్ళడమంటే ఏమిటో ఆయన ఎన్నడూ మాటల్లో చెప్పలేదు. చెరువు దగ్గర నడిచేటప్పుడు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవారు. మిల్లులో ఆయన అలా నడవగా నేను చూడలేదు.

“మందుల సంగతి నాకేం తెలీదండీ, మా బావమరిది చూసుకుంటాడు” అని పక్క చెరువులవాళ్ళకి గర్వంగా చెప్పేవారు. నేను పక్కనుంటే ఆ మాట ఇంకోసారి చెప్పేవారు.

చేపకి గండం మబ్బు రోజున వస్తుంది. గాలి లేకుండా మబ్బు పట్టి ఉంటే నీళ్ళలో ఊపిరి తగ్గిపోతుంది. తెల్లారేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని నీటి మీద నిలబడతాయి. చేప తలెత్తింది అంటారు. మనిషి తలెత్తుకు తిరిగితే మర్యాద. చేప తలెత్తితే మరణం. అప్పుడు ఆక్సిజన్ మందు చల్లాలి, లేదా కొత్త నీళ్ళు పెట్టాలి. రెండు మూడు గంటల్లో ఏదో ఒకటి చెయ్యకపోతే అయిపోయినట్టే. ఆ మందు చెమ్మ తగిలితే పాడైపోతుంది. గట్టు మీద పాకలో ఉంచితే వారం ఆగదు. అందుకని బావగారి చెరువుకి కావలసిన మందు డబ్బాలు తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో, మంచం కింద ఉండేవి. అవసరం పడితే ఆయన ఫోను చెయ్యాలి, నేను పట్టుకుని పరుగెత్తాలి. అంటే చెరువుకీ మా మంచానికీ మధ్య ఉన్నది ఒక్క సిగ్నలే.

దానికొక పద్ధతి పెట్టాను. నేనే పెట్టాను, ఎవరూ అడగలేదు. రోజూ పొద్దున్న చెరువు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి బావగారు నాకు మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఒక్క మోగు మోగగానే ఆయనే కట్ చెయ్యాలి. అంటే చేప బాగానే ఉందని. నేను ఎత్తక్కర్లేదు. అవసరం ఉంటే కట్ చెయ్యకుండా మోగనివ్వాలి, నేను ఎత్తుతాను. నేను బస్సులోనో, మేనేజరు ముందో ఉండి మాట్లాడలేకపోతే కట్ చేస్తాను. అలా నేను కట్ చేస్తే, “తెలిసింది, మందు తీసుకుని బయల్దేరుతున్నాను” అని అర్థం. పైసా ఖర్చు లేదు. అప్పట్లో సగం జిల్లా ఇలాంటి మోగుల మీదే బతికింది. ఒక మోగుకి ‘దిగాను’, రెండు మోగులకి ‘అన్నం వండు’, మూడుకి ‘మీ నాన్న ఇంట్లో ఉన్నాడా?’. మా చర్చిలో ఒక పెళ్ళి చూపుల ఫలితం కూడా మోగుల్లోనే వచ్చింది.

బావగారి దగ్గర మొదట పెద్దాడి సిమ్ము ఉండేది. ఆ లంకలో పెద్దాడికి రెండు గీతలు. నాకది నామోషీగా తోచింది. సిగ్నల్ మాస్టారి సొంత బావ రెండు గీతల మనిషా? ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అక్కడికెళ్ళి, పక్కనున్న పెద్ద చెరువు గట్టెక్కి, చిన్నాడి సిమ్ము వేసి చూశాను. ఆ గట్టు తాటిచెట్టులో సగమెత్తు ఉండేది. తెర మీద నాలుగు గీతలు నిలబడ్డాయి. డైరీలో నాలుగు గీతలూ కాస్త పొడుగ్గానే గీసి, అప్పటికప్పుడే ఏలూరు నుంచి చిన్నాడి సిమ్ము తెచ్చి బావగారి ఫోనులో వేశాను.

అక్క గుమ్మంలో కూచుని బియ్యం ఏరుతూ అంది: “ఉన్నది బాగానే పలుకుతుంది కదరా, ఎందుకిప్పుడు మార్చడం?”

“రెండు కన్నా నాలుగు ఎక్కువ కదక్కా.”

“లెక్కల్లో నీకు పాసు మార్కులు ఎవరేశారో నాకు తెలుసు. ఆ మాస్టారింటికి గేదె పాలు పోసింది నేనే.”

ముగ్గురం నవ్వుకున్నాం. బావగారు పాత సిమ్మును కాగితంలో చుట్టి బైబిల్లో పెట్టబోతే, “ఇంకెందుకండీ అది” అని తీసుకుని నా జేబులో వేసుకున్నాను. అది ఏమైందో నాకు తెలియదు.

తర్వాతి ఏడాది కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సును ఆక్రమించారని సర్కారు దాని చుట్టూ ఒక గీత గీసి, ఆ గీత లోపలి చెరువులన్నిటి గట్లనీ మిషన్లు పెట్టి తెగ్గొట్టింది. బావగారి చెరువు గీతకి ఇవతల ఉంది, మిగిలింది. ఆ పక్క పెద్ద చెరువు అవతల ఉంది, పోయింది. నేను నిలబడి నాలుగు గీతలు లెక్కపెట్టిన గట్టు మట్టి ముద్దలై నీళ్ళలో కలిసింది. ఒకే గీత బావ చెరువును నిలబెట్టి, నా నాలుగు గీతల్ని ముంచేసింది. ఆ సంగతి నాకు అప్పుడే తట్టాలి. డైరీ తీసి, ఆ ఊరి గడి కొట్టేసి, మళ్ళీ వెళ్ళి చూడాలి. కొట్టేస్తే పేజీ పాడవుతుందనుకున్నానో, కొట్టేస్తే నేను తప్పనుకుంటారనుకున్నానో మరి. అక్కడ నాలుగు నాలుగుగానే ఉండిపోయింది.

బావగారు చెప్పనూ చెప్పారు. వానల ముందు ఒక బుధవారం నేను గట్టు మీదికెళ్తే ఆయన తూము దగ్గర నిలబడి ఫోను చెవికీ కంటికీ మధ్య ఆడిస్తున్నారు.

“ఏవోయ్, నీ చిన్నాడు నిలకడ లేని మనిషోయ్. ఉన్నాడనుకునేలోగా పోతన్నాడు, పోయాడనుకునేలోగా వస్తన్నాడు.”

“మీరు నిలబడే చోటు తప్పు బావగారూ. తూము దిమ్మ మీదికెక్కి, ఏలూరు వైపు తిరిగి మాట్లాడండి.”

“ఇంతకీ నేను చేపల దగ్గర నిలబడాలా, సిగ్నల్ దగ్గర నిలబడాలా?”

కాపలా ముసలాయన తవుడు సంచి కట్టుకుంటూ, “ఆయ్, మాస్టారు చెప్పినాక ఎక్కాల్సిందేనండి. సిగ్నలు రాకపోతే మన తప్పు గానీ ఆరి పుస్తకం తప్పు కాదు కదండీ” అన్నాడు.

అది పొగడ్త అనుకున్నాను. అంతటి తెలివి నాది.

ఆ వాన కాలంలోనే ఒక ఆదివారం. శుక్రవారం నుంచి మబ్బు. శనివారమంతా ఆకు కదల్లేదు. మందులమ్మేవాడిగా నాకు ఆ మబ్బు కనిపించి ఉండాల్సింది. నాకు మాత్రం బట్టలు ఆరవన్న సంగతే కనిపించింది. ఆదివారం పొద్దున్న ఆరున్నర ఆరాధనకి తెల్ల చొక్కా వేసుకుని చర్చికి వెళ్ళాను. ఫోను మోగకుండా, వణికేటట్టు పెట్టి జేబులో వేసుకున్నాను. మోకాళ్ళ మీద ప్రార్థనలో ఉండగా గుండెల మీద ఫోను ఒక్కసారి వణికింది. ఆగిపోయింది.

ఒక్క మోగు. చేప బాగానే ఉంది.

ఆ తర్వాత సాక్ష్యాలు చెప్పే వేళ వస్తే లేచి నిలబడ్డాను కూడా. మబ్బు రోజుల్లో కూడా మా బావగారి చెరువును కాపాడుతున్నందుకు దేవునికి స్తోత్రం చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. దేవుడు ఆ పొద్దున్న నన్నెలా చూసి ఉంటాడన్నది నేను ఎక్కువగా ఆలోచించకుండా జాగ్రత్తపడే విషయాల్లో ఒకటి.

ఇంటికొచ్చాను. ఇడ్లీ తిన్నాను. పేపరు చదివాను. పది దాటాక ఫోను మోగింది. ఏదో ల్యాండ్‌లైన్ నంబరు. ఎత్తితే అక్క గొంతు. లంకలో కిరాణా కొట్టు ముందున్న కాయిన్ బాక్సు నుంచి.

“ఎక్కడిదాకా వచ్చావురా?”

“ఎక్కడికి రావడం అక్కా?”

ఫోనులో కొట్టు ముందు ఎవరో బెల్లం అడగడం వినపడింది. నేను ఆ ఒక్క ప్రశ్న అడక్కుండా ఉండి ఉంటే, “వస్తున్నా” అని అబద్ధమాడి పరుగెత్తి ఉంటే, చేపలకి ఏ తేడా ఉండేది కాదు. అక్కకి ఉండేది.

“నువ్వింకా ఇంట్లోనే ఉన్నావా?” అంది చివరికి. తర్వాత రూపాయి అయిపోయినట్టుంది, లైను పోయింది.

మంచం కింద నుంచి డబ్బాలు లాగి, వ్యాను మాట్లాడుకుని బయల్దేరాను. గుండుగొలను దాటుతుంటే ఫోను తీసి చూశాను. ఐదు గీతలు. ఎంత బాగా నిలబడ్డాయో! బావగారికి చేస్తే, “మీరు సంప్రదించాలనుకుంటున్న వ్యక్తి అందుబాటులో లేరు” అంది ఒక ఆడగొంతు, పెళ్ళికి పిలిచినంత మర్యాదగా.

చెరువు దగ్గరికి వెళ్ళేసరికి పన్నెండు కావస్తోంది. ఎండ కాసింది. ఆ ఎండే ఐదు గంటల ముందు కాసి ఉంటే సరిపోయేది. నీళ్ళు కనపడలేదు. గట్టు నుంచి గట్టు దాకా తెల్లని పొట్టలు. బావగారూ ముసలాయనా పొద్దున్నుంచి నావ మీద చెరువంతా తిరుగుతూ గెడలతో నీళ్ళు కొట్టారట, నీటికి కాస్త గాలి తగులుతుందని. మబ్బే గానీ వానలు ఇంకా గట్టిగా పడక, కాలవలో నీళ్ళు అడుగంటి ఉన్నాయి. ఇంజను పెడితే బురదే వచ్చిందట. గెడ కొట్టడం, రోడ్డు వంక చూడటం. గెడ కొట్టడం, రోడ్డు వంక చూడటం. నేను వచ్చేస్తున్నానన్న నమ్మకంతో పక్క ఊరికి మందు కోసం మనిషిని కూడా పంపలేదు. మూడు మైళ్ళ దూరంలో ఇంకొకాయన దగ్గర డబ్బాలున్నాయి.

బావగారు నావ దిగి గట్టెక్కారు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. నా చేతిలో డబ్బాలు చూసి, నన్ను చూసి, చాలా నెమ్మదిగా అడిగారు.

“కట్ చేశావు కదా. బయల్దేరావనుకున్నా.”

“నేను కట్ చెయ్యలేదు బావగారూ. ఒక్క మోగు మోగి ఆగిపోయింది. మీరే కట్ చేశారనుకున్నా.”

“నేను చెయ్యలా.”

కట్ చేసింది నేను కాదు, ఆయన కాదు. మా ఇద్దరి మధ్య చిన్నాడు ఒక క్షణం వచ్చి, వెళ్ళిపోయాడు. ఫోనుకేం తెలుసు, ఎవరు కోశారో? ఆయన వైపున అది నేను బయల్దేరినట్టు అర్థమిచ్చింది. నా వైపున అంతా బాగున్నట్టు అర్థమిచ్చింది. రెండు అర్థాలూ నేను నేర్పినవే.

“ఒక్కసారే చేశారా?” అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

“తెలిసినోడికి రెండోసారి చెయ్యడమెందుకని…” అని ఆగి, నీళ్ళ వైపు తిరిగారు. “నువ్వే కదా చెప్పావు.”

ముసలాయన నావలోంచి నా వంక చూశాడు. “ఆ డబ్బాలు పాకలో పెట్టమంటారాండి?” అన్నాడు. తనే తీసుకెళ్ళి పెట్టాడు. అక్కడ చెమ్మకి అవి వారంలో పాడైపోయి ఉంటాయి.

మూడు గంటలకి ఎండుచేపలవాళ్ళు గంపలతో వచ్చారు. బతికున్న చేపను బరువుతో కొంటారు, చచ్చిన చేపను జాలితో కొంటారు. అక్క నాకు అన్నం పెట్టింది. ఎప్పటిలాగే పెట్టింది; పెరుగు కావాలా అని కూడా అడిగింది. నా కంచంలోకి మాత్రం చూడలేదు. చిన్నప్పుడు నేను ఏదైనా పగలగొడితే గిల్లేది, తిట్టేది. ఆ రోజు గిల్లి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఉల్లిపాయల మార్కెట్ మీదుగా నడిచాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

తర్వాత నాకు కొంత బుద్ధి వచ్చింది, అందరికీ వచ్చే వేళకే, అంటే అక్కర్లేని వేళకి. నేను ఏ ఊళ్ళో ఎన్ని గీతలున్నాయో రాశాను గానీ అవి ఎంతసేపు నిలుస్తాయో రాయలేదు. ఎండలో చూశాను, వానలో చూడలేదు. ఎత్తు మీద చూశాను, మనిషి నిలబడే చోట చూడలేదు. పెద్దాడి రెండు గీతలు ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా మాట తెంపలేదు. నేను వాటిని తక్కువని తీసేశాను.

బావగారు చెరువు వదిలేశారు. మిల్లుకి వెళ్ళలేదు, ఏలూరులో అందరికీ తెలుసు కదా. కామవరపుకోట వైపు ఎవరిదో తోటలో మేస్త్రీగా కుదిరారు. అక్కా ఆయనా అక్కడే కాపురం. నెలకోసారి నేను వెళ్ళే ఆ ఊరి పని అప్పటి నుంచి ఇంకొకరికి అప్పగించాను. చేపల ఊసు లేని ఊరు. చిన్నాడికి సున్నా ఉన్న ఊరు. అది చూసి వెళ్ళారని నేననను. కానీ ఆ సిమ్మూ మార్చలేదు, ఆ నంబరూ మార్చలేదు. నేను ఎప్పుడు ఫోను చేసినా ఆ ఆడగొంతే మర్యాదగా, అందుబాటులో లేరనేది. అదొక ఊరట. తప్పు టవరుది, నాది కాదు, ఆయనదీ కాదు. ఆదివారం చర్చి నుంచి రాగానే ఒకసారి చేసి, ఆ మాట విని, ప్రశాంతంగా ఇడ్లీ తినేవాణ్ణి. అలా రెండేళ్ళు గడిపాను.

ఆ తర్వాత ఒక ఆదివారం ఆడగొంతు రాలేదు. మోగింది. ఒక్క మోగు. ఆగిపోయింది.

సిగ్నల్ అనుకుని మళ్ళీ చేశాను. ఒక్క మోగు. ఆగిపోయింది. పై ఆదివారమూ అంతే. నిలకడ లేని చిన్నాడు కొత్త ఊళ్ళోనూ బుద్ధి మార్చుకోలేదనుకుని, అక్కడి నుంచి మందులకి వచ్చే ఒకాయన్ని అడిగాను.

“అబ్బే, ఇప్పుడు భలే ఉందండీ మాస్టారూ. మొన్న వేశారు కదండీ టవరు, ఆ తోట పక్కనే. ఐదుకి ఐదు. సినిమా కథంతా చెప్పినా తెగదండీ.”

ఆ ఊరట కూడా పోయింది.

కిందటి క్రిస్మస్ ముందు, ఏలూరులో మా పిన్ని ఇంటి ప్రార్థన దగ్గర అక్క కనిపించింది. ఒక్కతే వచ్చింది. కొంచెం చిక్కింది. వంటింట్లో టీ గ్లాసులు కడుగుతుంటే పక్కన నిలబడ్డాను.

“అక్కా, ఫోను ఆయన దగ్గరే ఉంటుందా?”

“ఆయన జేబులోనే ఉంటుంది.”

“నేను చేస్తే ఒక్క మోగుకే ఆగిపోతోంది.”

అక్క గ్లాసు బోర్లించింది. చెయ్యి తుడుచుకుంది. చెరువు పోయాక మొదటిసారి నా మొహంలోకి చూసింది.

“ఒక్క మోగు మోగి ఆగితే బాగున్నట్టే కదరా. నువ్వే కదా చెప్పావు.”

అది ఎగతాళో, ఓదార్పో ఇప్పటికీ నాకు తెలియదు. అడగలేదు. ఒకసారి అడిగినందుకు ఏమైందో గుర్తుంది.

ఇంటికొచ్చి డైరీ తీశాను. కామవరపుకోట పేజీ తిప్పి, చిన్నాడి గడిలో సున్నా కొట్టేసి, ఐదు గీతలు గీశాను. ఆ పుస్తకంలో ప్రతి గీతా నేను వెళ్ళి, నిలబడి, ఫోను పైకెత్తి చూసి గీసిందే. ఈ ఐదూ మాత్రం వెళ్ళకుండా గీశాను. పిలిస్తే వెళ్ళి సరిచూసుకుంటాను.